చివర్లో వచ్చే చిరాకు

రుఖియాకు ఇస్లాంలో సున్నా వచ్చింది.

మీరు సరిగ్గానే చదివారు. ఎనిమిదో తరగతి బి సెక్షన్, షేక్ రుఖియా. తెల్లారుజామున వాళ్ల నాన్నతో పాటు లేచి నమాజు చదివే పిల్ల. 'మతాలు–లోకదృష్టులు' పరీక్షలో హిందూ మతం పాసైంది, క్రైస్తవం పాసైంది, బౌద్ధంలో అయితే క్లాసు ఫస్టు. ఇస్లాంలో సున్నా. పక్క బెంచీలో లోహిత్ అని ఒకడున్నాడు, మసీదు గేటు లోపల ఏముందో కూడా చూడని వెధవ, వాడికి పదికి పది. ఇన్నేళ్లుగా సోషల్ పాఠాలు చెబుతున్నాను, తల ప్రాణం తోకకొచ్చిన రోజులు చాలానే చూశాను గానీ, ఇట్లాంటి రోజు మాత్రం చూడలేదు.

రుఖియా వాళ్ల నాన్న రవూఫ్‌కి బస్టాండు ఎదురుగా మెడికల్ షాపు. మనిషి గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆ రోజు మాత్రం షాపు మూసేసి మరీ స్టాఫ్ రూముకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"దస్తగిరమ్మ మేడం, మీరంటే నాకు గౌరవం. మీ క్లాసు కోసమే పాపను ఈ బళ్లో వేసినా. కానీ ఇదేంది? మా దీన్, మా మతం గురించి మా పాపకు యంత్రం సున్నా వేస్తాదా?"

"మార్కులు నేను వేయలేదు రవూఫ్‌గారూ."

"తెలుసు మేడం. టోపీ వేసింది. మీరు చూస్తా ఊరుకున్నారు."

నాకు సర్రున కోపం వచ్చింది. వచ్చి ఏం లాభం, ఆయన అన్నది నిజమే.

"ఈ నెలాఖరు దాకా చూస్తా. తేలకపోతే టీసీ తీసుకుపోతా. కడపలో మావాళ్ల బడి ఉండాది. ఆడ అందరూ మా పిల్లలే. ఎవరూ మా పాపకు మా మతం నేర్పరు," అన్నాడాయన.

ఆయన వెళ్లిపోయాక నేను టీ ముట్టుకోలేకపోయాను. అందరి పిల్లలూ ఒకచోట కూర్చుని ఒకరి సంగతి ఒకరు తెలుసుకోవాలని పెట్టిన సబ్జెక్టు అది. దాని దెబ్బకే ఒక పిల్ల లేచి తనవాళ్ల మధ్యకు వెళ్లిపోతానంటోంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది మా బడి వ్యవహారం.

ఈ టోపీ సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే మీకు అర్థం కాదు, చెబితే నాకు బీపీ పెరుగుతుంది. సరే, వినండి.

ఇదివరకు శుక్రవారం ఆఖరి పీరియడ్ నాది. మతాల గురించి, దేవుడు లేడనేవాళ్ల గురించి, ఎవరు లోకాన్ని ఎట్లా చూస్తారనే దాని గురించి చెప్పాలి. చెప్పేది తక్కువ, గొడవ ఎక్కువ. "మేడం, జైనులు ఉల్లిగడ్డ తినరంట, మరి బజ్జీల బండి దగ్గర ఏం తింటారు?" "మేడం, దేవుడు లేడనేవాళ్లు పరీక్షల ముందు ఎవరికి మొక్కుతారు?" "మేడం, మా అమ్మ మేరీమాత దగ్గరికి పోయి టెంకాయ కొడతాది, తప్పా?" సగం ప్రశ్నలకు నాకే జవాబు తెలిసేది కాదు. "నన్నడిగితే ఏం లాభం రా, పోయి ఆ ఇంటివాళ్లనే అడిగి రా," అనేదాన్ని. పోయి అడిగి వచ్చేవాళ్లు. వాళ్ల ఇంట్లో ఏదో ఒకటి తిని కూడా వచ్చేవాళ్లు. అదే నా పాఠం. అందరికన్నా ఎక్కువ అడిగేది రుఖియా. ఆ పిల్ల చెయ్యి ఎత్తితే క్లాసంతా మూలిగేది, ఇంక బెల్లు కొట్టినా ఇంటికి పోలేమని.

గొడవలు బయటికి కూడా వచ్చేవి. మా దేవుడి గురించి తక్కువ చెప్పారని ఒకాయన వచ్చేవాడు, వాళ్ల దేవుడి గురించి ఎక్కువ చెప్పారని ఇంకొకాయన వచ్చేవాడు. మా హెడ్‌మాస్టరు సుదర్శనంగారు శుక్రవారం వస్తే చాలు, మాత్రలు వేసుకునేవాడు.

అప్పుడొచ్చింది టోపీ. చూడ్డానికి స్నానానికి వెళ్లేటప్పుడు పెట్టుకునే ప్లాస్టిక్ టోపీలాగే ఉంటుంది, లోపల సన్నటి తీగలుంటాయి. భక్తితో ప్రార్థన చేసుకుంటున్న మనిషి ఒంట్లో, మనసులో ఏం జరుగుతుందో అది రికార్డు చేస్తుంది. పిల్లలు పెట్టుకుంటే ఆ మనిషికి కలిగిందే వీళ్లకూ కలుగుతుంది. కళ్లకేమీ కనపడదు. మాటలు తెలియవు, చప్పుళ్లు నీళ్లలో మునిగి విన్నట్టుంటాయి. వాసనలు, నొప్పులు, చలి, వేడి, మనసులో సంతోషం, దిగులు, అవన్నీ ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. మతానికొక రికార్డు. నాస్తికుల కోసం కూడా ఒకటుంది, ఎవరో మేడ మీద పడుకుని నక్షత్రాలు చూస్తుంటాడు. "అది మాత్రం చలి పెడతాది మేడం," అంటారు పిల్లలు. ఈ ఏడు నుంచి పరీక్ష పేపర్లు కూడా ఆ రికార్డులతో పోల్చి యంత్రమే దిద్దుతోంది.

మనుషుల మనసులు తీసి అమ్ముకుంటారేమోనని జనం భయపడితే ఒక నియమం కూడా పెట్టారు. రికార్డు పాఠంలో ఉన్నన్నాళ్లే ఉంటుంది. పాఠంలోంచి తీసేస్తే ఆ రోజే చెరిపేయాలి, నకలు ఎవరూ దాచుకోకూడదు.

ఈ యంత్రాన్ని కనిపెట్టిన మహానుభావుడు ఎవరో కాదు, నా సొంత తమ్ముడు. బయట డాక్టర్ ఎఫ్. అప్ప. ఇంట్లో ఫకీరప్ప.

టోపీ వచ్చాక నా క్లాసులో ఈగ వాలినా వినిపించేది. పిల్లలు కళ్లు మూసుకుని కూర్చుంటారు, కాసేపటికి కళ్లు తెరుస్తారు. "ఏమైనా అడుగుతారా?" అంటాను. "లేదు మేడం, తెలిసిపోయింది," అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నా ఒళ్లు మండేది. తెలిసిపోయిందంట! పక్కింట్లో పండగ ఎందుకు చేసుకుంటారో అడగరు, ఎవరింటికీ పోరు, అంతా తెలిసిపోయింది. సుదర్శనంగారు మాత్రల డబ్బా బీరువాలో పెట్టేశాడు. నేను మాత్రం పంతం పట్టి ఆ టోపీని ఒక్కసారి కూడా నెత్తిన పెట్టుకోలేదు. తమ్ముడి మీద కోపం, ఇంకేం లేదు.

రవూఫ్ వెళ్లిపోయాక రుఖియా పేపరూ లోహిత్ పేపరూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ప్రశ్న ఇది: ఇస్లాం ఆరాధనలో ఏ చప్పుళ్లు, ఏ వాసనలు ఉంటాయి, మనసు ఎలా ఉంటుంది?

లోహిత్ రాశాడు: "తప్పెట్లు మోగుతాయి. సాంబ్రాణి వాసన, బెల్లం వాసన వస్తాయి. ముఖానికి నిప్పుల సెగ కొడుతుంది. ఎడమ మోకాలు నొప్పి పెడుతుంది. మనసు చాలా చల్లగా ఉంటుంది. చివర్లో చిరాకు వస్తుంది."

రుఖియా రాసింది: "మా ఇంట్లో తెల్లారి నమాజప్పుడు ఏ చప్పుడూ ఉండదు, ఫ్యాను తిరుగుతుంది. మా నాన్న మెల్లగా చదువుతాడు. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకున్న నీళ్లు మోచేతుల మీద చల్లగా ఉంటాయి. ఒక్కోసారి నాకు నిద్ర వస్తుంది. అల్లా ఏమనుకోడులే అనుకుంటాను."

దాని కింద యంత్రం వ్యాఖ్య: "నమూనాతో పొంతన లేదు. సున్నా."

నేను రుఖియాను పిలిపించాను. వచ్చి తల వంచుకుని నిలబడింది. ప్రశ్నలడిగే పిల్ల అట్లా నిలబడితే చూడలేం.

"టోపీలో అట్లా వచ్చిందని తెలుసు కదమ్మా, మరి వేరేగా ఎందుకు రాశావు?"

"మా ఇంట్లో అట్లా ఉండదు మేడం. లోహిత్‌తో అదే చెప్పినా. 'మీవాళ్లకు సరిగా రాదేమోలే' అన్నాడు. ఎగతాళికి కాదు మేడం, నిజంగానే అన్నాడు. మా నాన్నకు తప్పెట కొట్టడం నేర్పించమన్నాడు."

నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. పిల్లను పంపించేసి తలుపు వేసుకున్నాను. పంతం పక్కన పెట్టి టోపీ తీశాను. తప్పెట్లు మోగే నమాజు ఏదో నేను కూడా చూడాలి కదా.

పెట్టుకున్న కాసేపటికి ముక్కుకు సాంబ్రాణి తగిలింది. తర్వాత బెల్లం, రొట్టె కలిపి నలిపిన మలీద వాసన. ఎక్కడో తప్పెట్లు. ముఖానికి వేడి. ఎడమ మోకాలు కలుక్కుమంది, ఆ నొప్పి తెలియకుండా బరువంతా కుడి కాలి మీదికి జరిగింది. ఆ జరగడం నాకు తెలుసు. ఎవరో అట్లా నిలబడటం నా చిన్నప్పటి నుంచీ చూశాను. మనసు చల్లగా అయింది, పొలంలోంచి వచ్చి కాళ్లు కడుక్కున్నట్టు. బయట ఎవరి గురించో భయం ఉంది, ఆ భయాన్ని తీసుకెళ్లి ఎవరి చేతుల్లోనో పెట్టేసినట్టు అనిపించింది. అంతా అయిపోతుండగా చిరాకు వచ్చింది. చిన్నది, చురుక్కుమనేది. పండక్కి వచ్చినవాళ్లు చెప్పులు అడ్డదిడ్డంగా విప్పేశారనో, తప్పెటాయన తాళం తప్పాడనో, మలీద ఎవరికి అందిందో ఎవరికి అందలేదో అనో వచ్చే చిరాకు. దేవుడి ముందు నిలబడి కూడా ఆపుకోలేని చిరాకు.

టోపీ తీసి బల్ల మీద విసిరేశాను. "అమ్మా!" అని గట్టిగానే అరిచినట్టున్నాను. బయట ప్యూను తలుపు కొట్టాడు.

మా అమ్మ పేరు మస్తానమ్మ. పోయి ఏడాదిన్నర. ఆమె బిడ్డలం మేం దస్తగిరమ్మ, ఫకీరప్ప. కడప వైపు వాళ్లకు ఇందులో వింతేమీ లేదు. పిల్లలు దక్కకపోతే పీర్లకు మొక్కుకుంటారు, దక్కితే ఆ పేరు పెట్టుకుంటారు. మా ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం మేకుకే పీర్ల దట్టీ గుడ్డ కట్టి ఉండేది. శనివారం ఒంటిపొద్దు, పీర్ల పండగకు మలీద, రెండూ ఒకే చేత్తో చేసేది మా అమ్మ. "నువ్వు హిందువా, సాయిబువా?" అని నా పేరు విని అడిగినవాళ్లకు జీవితమంతా జవాబు చెప్పీ చెప్పీ నాకు ఈ కోపం అబ్బింది. అసలు కోపం అమ్మ నుంచే అబ్బిందనుకోండి, ఇదొక సాకు.

అంటే రాష్ట్రంలో పిల్లలందరూ ఇస్లాం అనుకుని చూస్తున్నది, పీర్ల చావిడిలో నిలబడ్డ మా అమ్మనన్నమాట.

మర్నాడు సెలవు పెట్టి మొదటి బస్సుకే కడప వెళ్లాను. తమ్ముడి ప్రయోగశాల ఊరి బయట ఉంటుంది. వాడు అద్దాల గదిలో గ్రాఫులు చూసుకుంటున్నాడు. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను.

"ఒరే ఫకీరా, అమ్మను తీసుకుపోయి ఇస్లాంలో పెట్టినావేందిరా?"

వాడు ఉలిక్కిపడతాడనుకున్నాను. పడలేదు. చేతిలో పెన్ను మెల్లగా కింద పెట్టి, "నువ్వు కూడా పెట్టుకున్నావా అక్కా?" అన్నాడు.

"అంటే నీకు తెలుసా?"

"మూణ్ణెల్ల కిందట తెలిసింది. టోపీలు రిపేరుకు వస్తే ఒకటి పెట్టుకుని చూసినా."

"అంతకుముందు చూడలేదా? చేసినోడివి నువ్వు కదరా!"

"గ్రాఫులు చూసేవాణ్ణి. మొదట్లో వందల మంది దగ్గర రికార్డు చేసినాం. అమ్మ కూడా వస్తానంది, పండగ రోజు చావిడి దగ్గరే చేసినా. పేర్లన్నీ కంప్యూటరుకు ఇచ్చి ఏ మతంవాళ్లను ఆ మతంలో పెట్టమన్నాం. ఒక్కో మతంలో అన్నిటికన్నా గాఢంగా ఉన్న రికార్డును అదే ఎంచుకుంది. అమ్మది ఎంచుకుంది."

"పేరును బట్టి మతం పెట్టమని చెప్పిన మేధావి ఎవరు?"

వాడు గ్రాఫుల వైపు తిరిగాడు. "నేనే," అన్నాడు.

"నీ పేరేందిరా?"

"అక్కా..."

"చెప్పు. నీ పేరేంది?"

"ఫకీరప్ప."

"బయట ఎఫ్. అప్ప అని రాసుకుంటే లోపల మర్చిపోతారా నాయనా? చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. ఈ జిల్లాలో పుట్టి, ఆ పేరు పెట్టుకుని, పేరు చూసి మతం తేలుస్తావా నువ్వు?"

వాడు తల వంచుకున్నాడు. వాణ్ణి తిడితే నాకు హాయిగా ఉంటుందనుకున్నాను, లేదు.

"సరే. మూణ్ణెల్ల కిందటే తెలిస్తే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే పాఠంలోంచి తీసేయాల. తీసేస్తే ఆ రోజే చెరిపేయాల. నకలు ఉండకూడదు. ఆ నియమం రాసింది కూడా నేనే అక్కా." వాడు బల్ల సొరుగు లాగి ఒక టోపీ చూపించాడు. "సాయంత్రం అందరూ పోయినాక రోజూ పెట్టుకుంటాండా. ఫోటోలో అమ్మ ఊరికే చూస్తాది. దీంట్లో మోకాలు నొప్పి కూడా వస్తాది."

ఏం చెప్పమంటారు? కుర్చీలో కూలబడ్డాను. నాకు కూడా రోజూ సాయంత్రం ఒక టోపీ కావాలనిపించింది. దాచడం ఎందుకు, అట్లాగే అనిపించింది.

"ఆ పిల్లకు గ్రేస్ మార్కులు వేయిస్తా. పై నుంచి ఒక మాట చెప్తే అయిపోతాది. ఎవరికీ నష్టం లేదు. పిల్లలకు చల్లగానే ఉండాది కదా," అన్నాడు.

నేను సరే అనలేదు. కాదని కూడా అనలేదు. తిరుగు బస్సు ఎక్కాను. దారి పొడుగునా వాణ్ణి తిట్టుకున్నాను, నన్ను తిట్టుకున్నాను, ముందు సీట్లో గట్టిగా ఫోను మాట్లాడుతున్నాయన్ని కూడా తిట్టుకున్నాను.

బస్టాండులో దిగేసరికి ఫోనుకు మెసేజ్ వచ్చేసింది. రుఖియాకు ఇస్లాంలో ఆరు మార్కులు. మా వాడు ఇట్లాంటి పనులు ఎంత త్వరగా చేస్తాడో! ఎదురుగానే రవూఫ్ షాపు. రుఖియా లోపల స్టూలు మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. వెళ్లి చెప్పాను, మార్కులు వచ్చాయని. రవూఫ్ ముఖం విప్పారింది. "అల్‌హందులిల్లా. చూసినావా రుఖియా, మేడం చెప్తే పని జరగతాది," అన్నాడు.

పిల్ల పెన్ను మూత పెట్టి నా వైపు చూసింది.

"మార్కులు కాదు మేడం. నేను రాసింది కరెక్టా, తప్పా?"

"మార్కులు వచ్చాయి కదమ్మా."

"అది కాదు మేడం. కరెక్టా, తప్పా?"

చూశారా, పోయిందనుకున్న ప్రశ్న. రెండేళ్లుగా నా క్లాసులో వినపడని ప్రశ్న, మందుల షాపులో స్టూలు మీద కూర్చుని నన్ను పట్టుకుంది. నాకు కోపం, సంతోషం ఒకేసారి వచ్చాయి.

"కరెక్టే," అన్నాను.

"మరి టోపీ తప్పా?"

నా కళ్ల ముందు మా అమ్మ బరువు కుడి కాలి మీదికి జరుపుకుంది. ఒక్క మాట అంటే ఆ కాలు కూడా పోతుంది. అబద్ధం చెబితే ఈ పిల్ల బళ్లోనే ఉంటుంది, మా అమ్మ ఉంటుంది, ఫకీరప్ప ఉద్యోగం ఉంటుంది. ఒక్కటి మాత్రం ఉండదు. రేపటి నుంచి ఈ పిల్ల తన ఇంటి సంగతి తనకన్నా యంత్రానికే బాగా తెలుసని ఒప్పుకుంటుంది. ఇంకెప్పుడూ చెయ్యి ఎత్తదు.

"తప్పే. టోపీలో ఉన్నది మా అమ్మ," అన్నాను.

షాపులో నిలబడే మొత్తం చెప్పేశాను. రవూఫ్ కౌంటరు మీద చేతులు పెట్టి విన్నాడు. ముందు కోపం వచ్చింది, తర్వాత ఎవరో జ్వరం మాత్రలకు వస్తే ఇచ్చి వచ్చాడు, అప్పటికి కోపం కొంచెం దిగింది. "కమిటీ ముందర ఈ మాటే చెప్తారా మేడం?" అని అడిగాడు. చెప్తానన్నాను.

కమిటీ అంటే పాఠాలను ఖాయం చేసే పెద్దమనుషులు. వారం తిరక్కుండానే ప్రయోగశాలలో మీటింగు పెట్టారు. మా తమ్ముడు ఒక మూల కూర్చున్నాడు, పిల్ల తండ్రి కాబట్టి రవూఫ్‌ను కూడా పిలిచారు. నేను చెప్పాల్సింది చెప్పాను.

అధ్యక్షుడుగారు కళ్లద్దాలు తుడుచుకుని, "ఇన్నాళ్లూ ఒక్క ఫిర్యాదు రాలేదమ్మా," అన్నాడు.

"రాదు సార్. టోపీ పెట్టుకున్నాక ఎవరికీ అడగడానికి ఏమీ మిగలదు. ఇంతకీ మీలో ఎవరైనా పెట్టుకున్నారా?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయనకు సైనస్ అంట. ఒకాయనకు తీరిక లేదంట. ఒకాయన జుట్టుకు రంగు వేసుకుంటాడు, టోపీ పడదంట. గ్రాఫులు చూసి సంతకాలు పెట్టారంతే. నా నోటికి చాలా మాటలు వచ్చాయి, పెద్దవాళ్లని మింగాను. మింగడం నాకు అలవాటు లేదు, కడుపులో మంట పుట్టింది.

"సరే, పొరపాటు జరిగింది. అసలైన ముస్లింను ఒకరిని తీసుకొచ్చి కొత్త రికార్డు చేద్దాం," అన్నాడు అధ్యక్షుడుగారు.

అప్పుడు రవూఫ్ లేచాడు. "అసలైనోళ్లెవరు సార్? మా ఇంట్లో నేనుండా, మా మేనత్తుంది. నేను పీర్లకాడికి పోను, అది తప్పంటా. ఆమె పోయి దట్టీ కట్టొస్తాది, నన్ను తిడతాది. ఇద్దరం ముస్లిములమే. ఒకే కుండలో అన్నం తింటాం. మాలో ఎవరిది తీస్తారు?"

నేను ఆయన్ని చూసి మొదటిసారి నవ్వాను. ఆయన నవ్వలేదు, చాలా సీరియస్‌గా అడిగాడు మరి.

గంటసేపు తర్జనభర్జన పడి, చివరికి తేల్చింది ఏమంటే, ఆ ప్రశ్న తేలేదాకా టోపీలన్నీ మూటగట్టి పెట్టాలి, ఆ పీరియడ్ టీచర్లే చెప్పాలి. తప్పుడు రికార్డు ఆ సాయంత్రమే చెరిపేయాలి. మా తమ్ముడికి సంజాయిషీ నోటీసు. నాకు ఎవరూ కృతజ్ఞత చెప్పలేదు, నేనూ ఆశించలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులాగా, టీ కూడా చల్లారిపోయింది.

అందరూ వెళ్లాక ఫకీరప్ప రెండు టోపీలు తెచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆఖరుసారి," అన్నాడు.

చెరో కుర్చీలో కూర్చున్నాం. సాంబ్రాణి, బెల్లం, సెగ, మోకాలు. ఆ చల్లదనం. అమ్మకు అప్పుడు ఎవరి గురించి భయం ఉందో నాకు తెలియదు. వాడి ఉద్యోగం గురించో, నా బీపీ గురించో, మా ఇద్దరికీ సంబంధంలేని ఇంకెవరి గురించో. మనసు లోపలిదాకా పోయి కూర్చున్నా అది మాత్రం తెలియలేదు. బతికున్నప్పుడు అడిగి ఉంటే ఒక్క నిమిషంలో చెప్పేది. తర్వాత చివర్లో వచ్చే చిరాకు వచ్చింది. ఇద్దరం ఒకేసారి నొసలు ముడిచామంట, కిటికీలోంచి చూసిన వాచ్‌మన్ తర్వాత చెప్పాడు.

టోపీలు తీశాం. వాడి చెయ్యి మీట దాకా పోయి ఆగింది. "నువ్వు నొక్కక్కా," అన్నాడు. "నువ్వు పెట్టినావు, నువ్వే తియ్యి," అన్నాను. వాడు నొక్కాడు. గ్రాఫు గీత తిన్నగా అయిపోయింది. వాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, నేను వాడి వీపు మీద ఒకటి చరిచాను, తర్వాత నిమిరాను. అమ్మ కూడా ఆ వరుసలోనే చేసేది.

శుక్రవారం ఆఖరి పీరియడ్. టోపీల పెట్టె ఖాళీ. నేను బోర్డు ముందు నిలబడి జరిగిందంతా పిల్లలకు చెప్పాను. మా అమ్మ పేరు, మా పేర్లు, వెంకటేశ్వరస్వామి పటం, పీర్ల దట్టీ, అన్నీ. చెప్పి, "ఏమైనా అడుగుతారా?" అన్నాను, పాత అలవాటు కొద్దీ.

ముందు ఎవరూ కదల్లేదు. నాకు భయమేసింది, ఆ టోపీ వీళ్ల నోళ్లు శాశ్వతంగా మూసేసిందేమోనని. అప్పుడు రుఖియా చెయ్యి లేచింది.

"మేడం, మీ అమ్మ పీర్లకు మొక్కినప్పుడు వెంకటేశ్వరస్వామికి కోపం రాదా?"

"మేడం, మరి రుఖియా వాళ్ల నాన్నకూ ఆయన మేనత్తకూ కొట్లాట వస్తే ఎవరు కరెక్టు?" లోహిత్ అరిచాడు. "మేడం, నా పది మార్కులు ఉంటాయా, పోతాయా?" "మేడం, నమాజప్పుడు నిద్రొస్తే పాపమా?" "నన్నడుగు రా, మేడాన్ని ఎందుకు అడుగుతావు?" రుఖియా వెనక్కి తిరిగి ఆ నిద్ర సంగతి అడిగినవాడికి చెప్పింది. "మీ ఇంటికి రావచ్చా అయితే?" "రా, కానీ చెప్పులు బయట విప్పి రా." "మేడం, మలీద ఎట్లా చేస్తారు?" "మేడం, నాస్తికులకు చలి ఎందుకు పెడతాది?" అందరూ ఒకేసారి. వెనక బెంచీల వాళ్లు లేచి నిలబడ్డారు, ఎవరిదో చెయ్యి తగిలి ఇంకెవరిదో వాటర్ బాటిల్ పడి నీళ్లన్నీ నా కాళ్ల దాకా వచ్చాయి. పక్క గదిలో మాస్టారు గోడ బాదుతున్నాడు. వరండాలో సుదర్శనంగారు మాత్ర వేసుకుంటున్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఛీ, ఏంది రా ఇది! ఒకరి తర్వాత ఒకరు అడగలేరా? సంతనుకున్నారా? ముందు ఆ నీళ్లు తుడవండి!"

క్లాసంతా ఠక్కున ఆగిపోయింది. పిల్లలు నన్ను చూశారు, తర్వాత ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. లోహిత్ నోరు తెరిచాడు. రుఖియా ముఖంలో నవ్వు మెల్లగా పాకింది.

"అదే మేడం!"

"ఏది అదే?"

"టోపీలో చివర్లో వచ్చేది," అంది రుఖియా. "మీ అమ్మది. ఇదే మేడం, అచ్చం ఇదే."

నలభై మంది పిల్లలు తలలూపారు. వాళ్లందరికీ తెలుసు. మా అమ్మ వాళ్లందరిలోకీ ఒకసారి వెళ్లొచ్చింది కదా.

నేను బోర్డు వైపు తిరిగాను. బోర్డు మీద రాయడానికి ఏమీ లేదు, అయినా తిరిగాను. కళ్లు తుడుచుకుని మళ్లీ వాళ్ల వైపు తిరిగేసరికి ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"నవ్వింది చాలు గానీ, ఎవరో మలీద గురించి అడిగారు కదా," అన్నాను. "ముందు రొట్టె చేసుకోవాలి. తర్వాత చెయ్యి పెట్టి నలపాలి, గరిటె కాదు. రాసుకోండి."